ఫ్రీ చట్నీ, కొసరు చట్నీ

ఫ్రీ అనే మాట మా ఇంట్లోకి ఒక ఎర్ర ప్లాస్టిక్ మగ్గుతో పాటు వచ్చింది. నాకు పెళ్లయిన కొత్త. మా ఆయన నంద్యాల బజారు నుంచి సబ్బుపొడి తెచ్చి, దాని పక్కన మగ్గు పెట్టి, "ఇది ఫ్రీ" అన్నాడు.

"ఫ్రీ అంటే ఏందీ?"

"ఊరికే ఇచ్చినారు."

"ఊరికే ఎవడిస్తాడు? పొడి తూకం చూసినావా?"

చూడలేదట. నేను చూశాను. ఎప్పుడూ డబ్బా మెడదాకా వచ్చే పొడి ఆ రోజు భుజాల దగ్గరే ఆగింది. మగ్గు మాత్రం గట్టిది. పిడి విరిగిన తర్వాత కూడా దానితో చాలా ఏళ్లు బియ్యం కొలుచుకున్నాను. కానీ ఆ మాట మీద అనుమానం మాత్రం ఆ పూటే పట్టుకుంది.

నేను చదివింది మూడో తరగతి. తెలుగు చదువుతాను, రాస్తాను. ఇంగ్లీషు ఏదైనా తెలిసిందంటే అది చెవిన పడింది కాబట్టే. చెవిన పడ్డ మాటకు ఒక అర్థం ఉంటే చాలు, పని జరిగిపోతుంది. ఈ ఫ్రీ అట్లాంటిది కాదు. టైలరు దగ్గరికి పోతే "జాకెట్టు రోంత ఫ్రీగా పెట్టమంటావా అమ్మా?" అంటాడు. అంటే వదులుగా అని. కుట్టుకూలి ఏమీ తగ్గదు. డాక్టరు దగ్గరికి పోతే "మోషన్ ఫ్రీగా అవుతాందా?" అంటాడు. ఆ మాట అడిగినందుకు కూడా ఫీజు తీసుకుంటాడు. పక్కగదిలో పడుకుని సెల్లు చూసుకునే నా కొడుకును గ్యాస్ బండ మార్చమని పిలిస్తే "ఇప్పుడు ఫ్రీ లేనమ్మా" అంటాడు. ఇంటికొచ్చిన చుట్టం కుర్చీ అంచున కూర్చుంటే "ఫ్రీగా కూర్చో వదినా" అంటాం. ఆమె నిజంగానే ఫ్రీగా కూర్చుంటే మధ్యాహ్నానికి ఇంకో పిడికెడు బియ్యం పోయాల్సిందే.

అన్నిటికంటే నన్ను మండించింది షుగర్ ఫ్రీ బిస్కెట్లు. చక్కెర వేయలేదు కాబట్టి ఆ పేరట. మామూలు బిస్కెట్ల కంటే ధర ఎక్కువ. "వేయనిదానికి జాస్తి తీసుకుంటారేందప్పా, రేపు పిండి కూడా వేయకుండా ఇంకా జాస్తి అడుగుతారా?" అని అంగడాయనతో చాలాసేపు పోట్లాడాను. పాపం, ఆయన నాకు నీళ్లిచ్చి పంపించాడు.

ఇంత అనుమానం ఉన్నదాన్ని కాబట్టే, ఆ మాట నా కూతురి అంగడి గోడ ఎక్కిందని విన్నప్పుడు నాకు భయమేసింది.

కూతురిది ఆళ్లగడ్డ. అల్లుడు బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో బండలు లారీకి ఎత్తేవాడు. నడుము దెబ్బతింది. ఇక బరువు ఎత్తితే మంచం పడతావని డాక్టరు చెప్పేశాడు. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తే కడుపు నిండదు కాబట్టి, కూతురు బస్టాండుకు దగ్గర్లో ఒక రూము తీసుకుని టిఫిన్ సెంటరు పెట్టింది. ఉగ్గాని, బజ్జీ, ఇడ్లీ, దోసె. దాని చేతి వంట బాగుంటుంది, నేను నేర్పిందే.

రూము ఒక భాయ్‌ది. పక్కనే ఆయనకు సేమియాలు, బెల్లం, పప్పుల అంగడి ఉంది. మంచి మనిషి. కానీ అంగడి మనిషి. రూము ఇచ్చేటప్పుడే నా ముందర చెప్పాడు.

"పెద్దమ్మా, మనసులో ఏమీ పెట్టుకోను, చెప్పేస్తాండా. నడిస్తే ఎన్నేండ్లయినా ఉండండి. నడవకపోతే మాత్రం రంజాన్ నెలకు ముందు నా రూము నాకు గావాల. ఖర్జూరం, సేమియా పెట్టుకునేకి నాకు జాగా చాలదు."

"నడుస్తాది భాయ్" అన్నాను.

"నడవాల అనే నేనూ కోరుకుంటాండా. ఖాళీ అంగడి పక్కన ఉంటే నా బేరం గూడా పోతాది."

నడవకపోతే నా కూతురికి మిగిలేది మిరపకాయలు తెంపే కూలి. పొద్దున ట్రాక్టరు ఎక్కి పోతే చీకటి పడేటప్పటికి చేతులు మండుతూ రావడం. నేను ఆ పని చేశాను. నా కూతురు చేయకూడదని దాన్ని పదో తరగతి దాకా చదివించాను.

దాని కూతురు, అంటే నా మనవరాలు, నంద్యాలలో మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతోంది. చదువు ఎక్కువైతే చేతులు ఊరికే ఉండవు. ఒక ఆదివారం ఆళ్లగడ్డకు పోయి, పసుపు రంగు అట్టమీద పెద్ద అక్షరాలతో "చట్నీ ఎంతైనా ఫ్రీ" అని రాసి అంగడి ముందు గోడకు కట్టి వచ్చింది.

"చూడవ్వా, ఎట్ల జనం వస్తారో" అంది.

జనం వచ్చారు. వచ్చి ఏం చేశారో కూతురు ఫోన్లో చెప్పింది. ఒక లారీ డ్రైవరు బోర్డు చదివి, చట్నీ గిన్నెలోకి తొంగిచూసి, "ఫ్రీ అంటాండారే, నిన్నటిదా?" అన్నాడట. ఇంకొకాయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి దోసె మాత్రం తిని పోయాడట. ఆ వీధి చివర ఉండే ఒకామె మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బా పట్టుకొచ్చి, "నాకు ఇడ్లీలు ఇంట్లో ఉండాయిలే, చట్నీ మాత్రం చాలు. ఫ్రీ గదా" అందట. అనుమానమున్నవాళ్లు చట్నీ ముట్టలేదు, నమ్మకమున్నవాళ్లు టిఫిను కొనలేదు. తిన్నవాళ్లు కూడా ప్లేటు నిండా పోసుకుని సగం వదిలేసి చేతులు కడిగారు. ఆ చట్నీ అంతా చెనిక్కాయలది, వేరుశనగ గింజలు చవక కాదు. నీళ్లు పోసి పలచన చేద్దామంటే నా కూతురికి మనసొప్పదు. అది ఒక్కటి నా పోలిక కాదు.

"నేను వస్తాండా, ఆ అట్ట పీకి పక్కన పెట్టు" అని ఫోన్ పెట్టేశాను.

అంతకుముందు ఆళ్లగడ్డకు పోవాలంటే నేను నాలుగుసార్లు ఆలోచించేదాన్ని. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక ఆలోచన పోయింది. మొదటిరోజు మాత్రం సిగ్గుగా ఉండేది. కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా వేసిన టికెట్టు చేతిలో పెడితే, ఏదో ఎత్తుకొచ్చినదానిలాగా కొంగులో దాచుకున్నాను. రెండోరోజుకు సిగ్గు పోయింది, సీటు కూడా పోయింది. బస్సులో ఆడవాళ్లే ఆడవాళ్లు. నాకు సీటు దొరికిన ఒకరోజు, ఒకాయన కడ్డీ పట్టుకుని వేలాడుతూ నా సీటువైపు చూసి, "ఊరికే వచ్చేటోళ్లు కూచుంటే దుడ్లిచ్చినోళ్లం నిలబడాల్నా?" అన్నాడు.

"నాయనా, నువ్వు దుడ్లిచ్చింది పోయేకి. కూచునేకి గాదు. పోతాండావు గదా?" అన్నాను.

బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, నా సంచి కాళ్ల దగ్గర నుంచి తీసి పైన పెట్టాడు.

అట్లా తెల్లవారుజాము బస్సుకు పోయి, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చే పని పెట్టుకున్నాను. పోయిన మొదటిరోజే అట్ట తిప్పి, వెనకవైపు సుద్దముక్కతో నా చేత్తో రాశాను: "చట్నీ ఒకసారి. రెండోసారికి వేరే." దానికి ఎన్ని రూపాయలో కూడా కింద రాశాను. దారికి వచ్చిందనుకున్నాను.

దారికి రాలేదు. దారి పట్టి ఎదురంగడికి పోయారు.

"అవ్వా, నీళ్లకెంత?" అని ఒకడు.

"ఫ్యాను కింద కూచుంటే జాస్తియా, బయట కూచుంటే తక్కువా?" అని ఇంకొకడు.

"చెయ్యి కడుక్కునే నీళ్లు వేరేనా, తాగే నీళ్లు వేరేనా?" అని వాడి పక్కవాడు.

వాళ్లకు నేను గట్టిగానే జవాబులు చెప్పాను. మాటల్లో నన్ను ఎవరూ గెలవలేదు. కానీ గెలిచేసరికి బల్లలన్నీ ఖాళీ అయ్యేవి. కొన్నాళ్లకు మా కూతురు పెనం తుడుస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"అమ్మా, ఆ ఫ్రీ బోర్డు ఉన్నప్పుడు ఈగలన్నా వస్తాండె. ఇప్పుడు అవీ రాలే."

అల్లుడు కౌంటర్లో కూర్చుని నవ్వాపుకోవడానికి దగ్గాడు. దగ్గితే నడుము పట్టుకుంది. ఆయనకు వేడినీళ్ల సంచి పెట్టేసరికి ఆ పొద్దున గడిచిపోయింది. పక్కంగట్లోంచి భాయ్ ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు. టేపు పట్టుకుని మా గోడ పొడవు కొలిచాడు. ఏమైనా అనడం కంటే అదే ఎక్కువ భయపెట్టింది.

ఆ రోజు నంద్యాలకు వచ్చి మనవరాలి మీద పడ్డాను. నీ ఫ్రీ వల్లే ఇదంతా అన్నాను. అది తక్కువ తినలేదు.

"నా బోర్డు చెడగొట్టలే. నీ బోర్డే చెడగొట్టింది. అసలు ఫ్రీ అంటే చెడ్డమాట అనుకుంటాండావు నువ్వు. అది యాడినుంచి వచ్చిందో తెలుసా?"

"సబ్బుపొడి కంపెనీ నుంచి."

"కాదవ్వా!" అని సెల్లు తీసి చదవడం మొదలుపెట్టింది. ఎన్నో వేల ఏళ్ల కిందట, ఇంగ్లీషు కూడా పుట్టకముందు, ఒక పాత మాట ఉండేదట. దానికి అర్థం ఇష్టమైనది, ముద్దైనది అని. ఇంట్లో కట్టుబానిసలు ఉండేవాళ్లు, సొంతవాళ్లు ఉండేవాళ్లు. ఆ సొంతవాళ్లు ఇష్టమైనవాళ్లు కాబట్టి వాళ్లను ఆ మాటతో పిలిచారట. వాళ్లను ఎవరూ కట్టేయరు కాబట్టి, కట్టు లేకుండా ఉండడం అనే అర్థం వచ్చిందట. ధర కట్టనిది అనే అర్థం అన్నిటికంటే చివర్లో చేరిందట. ఫ్రెండు అనే మాట కూడా దాని చుట్టమేనట. "ఇంకోటి విను. మన ప్రియం అనే మాట గూడా ఆ పాత మాట నుంచే వచ్చిందంట. ఫ్రీ, ప్రియం, రెండూ ఒక్క ఇంటివి."

"ప్రియం అంటే మా లెక్కలో ధర ఎక్కువని. ఉల్లిగడ్డలు ప్రియమైనాయి అంటాం."

"అదీ ఉంది, ఇష్టమనీ ఉంది."

"ఒకే కడుపున పుట్టి ఒకటి ఊరికే వచ్చేదయింది, ఇంకోటి కొనలేనిదయింది. ఏం పెంపకమో" అన్నాను.

మనవరాలు పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక నేను అడిగాను.

"అయితే నేను చీకటితో లేచి పోయి మీ అమ్మ అంగట్లో గిన్నెలు తోముతాండేది ఫ్రీనా, ప్రియమా?"

"రెండూ అవ్వా" అంది. ఆ పిల్ల అప్పుడప్పుడూ తెలివిగానే మాట్లాడుతుంది. నేను పోయి పప్పు కడిగాను.

అంగడి మాత్రం ఆ ముచ్చట వల్ల బాగుపడలేదు. కరెంటు పోవడం వల్ల బాగుపడింది.

తెల్లారి నేను ఆళ్లగడ్డ చేరేసరికి కరెంటు లేదు. మిక్సీ తిరగలేదు. ఉన్న చిన్న రోట్లో కూతురు నూరగలిగినంత నూరింది. మామూలుగా చేసే చట్నీలో సగం కూడా లేదు. అయిపోతే వచ్చినవాళ్లకు ఏం పెట్టాలి? గరిటె నేను తీసుకున్నాను. నా చేతిలో గరిటె ఉంటే ఏదీ అంత తొందరగా అయిపోదు. ఒక్కొక్కరికీ దోసె పక్కన బొట్టు పెట్టినట్టు పెడుతూ వచ్చాను.

బేతంచెర్ల బండల లారీ ఒకటి ఆగింది. డ్రైవరు, క్లీనరు వచ్చి కూర్చున్నారు. డ్రైవరు ప్లేటులోకి చూసి అన్నాడు.

"ఏందవ్వా ఇది, కంట్లో మందేసినట్ల ఏసినావు?"

"ముందు అది తిను. తిన్నంక చూద్దాం. పారేసేకి నూరినామా?"

"తింటే ఏస్తావా?"

"తింటివో లేదో నాకు కండ్లుండాయి."

రోజూ చట్నీ వదిలేసే మనుషులను చూసి చూసి విసిగి ఉన్నాను కాబట్టి, ఆ మనిషి ప్లేటునే చూస్తూ నిలబడ్డాను. ఆయన నా చూపుకు భయపడ్డాడో, నిజంగానే ఆకలో, దోసె ముక్కతో ప్లేటు తుడిచినంత శుభ్రంగా తిన్నాడు. నాకు ముచ్చటేసింది. గరిటె నిండా వేశాను. ఇంతలో, సంతలో వంకాయలు తూచాక పైన ఒక కాయ వేయించుకునే అలవాటు నాది కదా, చెయ్యి దానంతట అదే మళ్లీ గిన్నెలోకి పోయి ఇంకో అరగరిటె తెచ్చింది.

"ఇదో, కొసరు" అన్నాను.

ఆ మనిషి ముఖం చూడాలి! క్లీనరు వైపు తిరిగి, "రేయ్, బేగ తిను. అవ్వ కొసరేస్తాంది" అన్నాడు. పక్కబల్ల మీదివాళ్లు కూడా గబగబా తుడిచేశారు. "నాకు గూడా చూడవ్వా, ఏమన్నా మిగిలిందా ప్లేట్లో?" అని ఒకాయన బడిపిల్లాడు పలక చూపించినట్టు ప్లేటు ఎత్తి చూపించాడు. నేను వంగి చూసి, "ఆ అంచుకు ఉండేది ఎవరు తినాల, మీ నాయనా?" అన్నాను. నాకి మరీ తిన్నాడు. కొసరు వేశాను.

సగం చట్నీ పొద్దుటి బేరం అంతటికీ సరిపోయింది. ప్లేట్లు కడగడానికి పోయిన కూతురు బకెట్టు చూపించింది. దాంట్లో చట్నీ లేదు, తిరగమాత గింజ కూడా లేదు.

మరుసటి రోజు కరెంటు వచ్చింది, నా సుద్దరాతల అట్ట పీకేసి చట్నీ నిండుగా చేశాం. అయినా నేను అట్లాగే వేశాను. ముందు తక్కువ. తిన్నాక నిండుగా. పైన కొసరు. మొత్తం చూస్తే మనవరాలి బోర్డు రోజుల్లో వాళ్లు పోసుకున్నదానికంటే తక్కువే. కానీ అప్పుడు ఎవరూ సంతోషపడలేదు. గోడమీద రాసింది ఊరందరికీ రాసినట్టుంటుంది, ఎవడికీ ఇచ్చినట్టుండదు. కొసరంటే ఒక మనిషి ఇంకో మనిషి ముఖం చూసి వేసేది. సంతలో ఎన్నేళ్లు బేరాలు చేశానో, కొసరు పడితే తప్ప కాలు కదిలించని మనిషిని, వేసే చెయ్యి నాదైనప్పుడు మాత్రం అది నాకు తోచలేదు. కరెంటు పోతే తోచింది.

ఆ తర్వాత జనం తిట్లకు కూడా అలవాటు పడ్డారు. "అవ్వా, ముందు తిట్టు, తర్వాత కొసరెయ్" అనేవాళ్లు తయారయ్యారు. ఆదివారం నేను చర్చికి పోతాను కాబట్టి ఆ రోజు గరిటె అల్లుడిది. ఆయన మెత్తటి మనిషి, అడగకముందే నిండా పోసేస్తాడు. సోమవారం పొద్దున్నే ఫిర్యాదు వచ్చింది.

"అవ్వా, మీ అల్లునికి చేతకాలే. మొదాలే ఏసేస్తాండాడు. కొసరే లేదు."

"ఎంత ఏసినాడు?"

"ప్లేటు నిండా."

"మరి ఇంకేం గావాలప్పా?"

"కొసరు."

మనవరాలు సెలవు రోజున వచ్చి ఇదంతా చూసి, పసుపు అట్ట, రంగుడబ్బా బయటికి తీసింది. "కొసరు ఇస్తామని రాద్దాం అవ్వా, ఇంకా వస్తారు."

"ఆ కుంచె ఇట్లియ్" అన్నాను. "రాస్తే అది మళ్లా నీ ఫ్రీ అయిపోతాది." ఆ కుంచెతో ఇప్పుడు దోసె పెనానికి నూనె రాస్తున్నాం. బాగా కడిగిన తర్వాతే.

ఇంత జరుగుతున్నా భాయ్ రూము సంగతి ఎత్తలేదు. రంజాన్ నెల దగ్గర పడింది. ఆయన అంగడికి ఖర్జూరం పెట్టెలు వస్తూనే ఉన్నాయి. వచ్చిన పెట్టె వచ్చినట్టు గుమ్మం దాటి బయటికి పేరుకుంది. పెట్టెలను చూసినప్పుడల్లా మా కూతురు వేసే దోసెలు వంకరగా వచ్చేవి. "నువ్వన్నా అడుగమ్మా" అనేది. నేను అడగలేదు. అడిగితే పొమ్మంటాడేమోనని, ఊరంతటికీ జవాబు చెప్పిన నా నోరు ఆయన ముందర లేవలేదు. రోజూ పొద్దున బస్సులో ప్రార్థన మాత్రం చేసుకున్నాను. ఒక కాలి మీద నిలబడి చేసే ప్రార్థన కాబట్టి చిన్నదిగానే.

నెలవంకకు ఇంకా కొన్ని రోజులున్నాయనగా, ఒక పొద్దున భాయ్ అంగడి మూసి మా రూముకు వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. లోపల బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఎవరూ లేవలేదు. ఆయన రూమని అక్కడ ఎవరికీ పట్టలేదు. కూతురు కంగారుపడి ఎవరినో లేపబోయింది.

"లేపొద్దు" అన్నాడు ఆయన. "నాకూ ఒక దోసె ఎయ్యమ్మా. నిలబడే తింటా."

ప్లేటు ఇచ్చాను. అందరికీ వేసినంతే వేశాను. కూతురు నా మోచేయి గిల్లింది, ఇంకా వేయమని. నేను వేయలేదు. ఆయనకు వేరే కొలత పెడితే భయపడినట్టు తెలిసిపోతుంది.

ఆయన గుమ్మం బయట, ఖర్జూరం పెట్టెల పక్కన నిలబడి తిన్నాడు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు ఆయన్ను భుజంతో తోసుకునే పోయారు. ఒకాయన "జరుగు భాయ్, దావలో నిలబడితే ఎట్ల?" అని కసిరాడు కూడా. ఆయన జరిగాడు. సగం దోసె ఉండగానే చట్నీ అంతా తిని, ప్లేటు నా ముందు పెట్టి, వేలితో చూపించాడు.

"చూడు పెద్దమ్మా. తుడిచినట్లుంది."

చూశాను. అంచులు కూడా చూశాను. గరిటె నిండా వేసి, పైన అరగరిటె వేశాను. "రూము సంగతేంది భాయ్?" అన్నాను.

ఆయన దోసె ముక్క నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు.

"నా రూములో నాకే నిలబడే జాగా లేదు. ఇంక ఖర్జూరం యాడ పెట్టేది? ముందర ఒక బండి వేసుకుంటాలే. మీ గిరాకీ ఇట్ల నిలబడి ఉన్నంతసేపు నా సేమియాలు చూస్తారు గదా. అది చాలు నాకు."

"అంటే ఉండమంటివా?"

"మిమ్మల్ని పొమ్మంటే వీళ్లు పోనిస్తారా నన్ను?"

కౌంటర్లో అల్లుడు తల దించుకుని చిల్లర సర్దుతున్నట్టు నటించాడు. పెనం దగ్గర కూతురు అట్లకాడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు.

"ఏడ్చేది తర్వాత ఏడుద్దువులే" అన్నాను. "ముందు ఆ దోసె తిప్పు, మాడిపోతాంది."

అప్పటికే మాడింది. గిరాకీకి పెట్టలేం, పారేయలేం. పెనం వెనకాల నిలబడి నేనే తిన్నాను.